ఎక్కువ టైము ఎక్కడినుంచి వస్తుంది?

బండలాగుడు పోటీ చూసొచ్చిన మా మనవడు ఒక ప్రశ్న వేశాడు. నంద్యాల, ఆళ్ళగడ్డ పిల్లలందరికీ పనికొచ్చే ప్రశ్న కాబట్టి అందరికీ కలిపే జవాబు చెప్తున్నా, వినండి.

“తాతా, ఫుట్‌బాల్‌లో 90 నిమిషాలు అయిపోయినా ఇంకా ఆడిస్తారు కదా. మన ఎద్దులకు మాత్రం ఈల పడితే అంతే. వాటికి ఎక్స్‌ట్రా టైము ఎందుకివ్వరు?”

పోటీ ఎట్లా జరుగుతుందో మీరంతా చూసిందే. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని ఎద్దు పళ్లను బట్టి విభాగాలు పెడతారు. బండ బరువూ దాన్ని బట్టే. ఒక్కో జతకు ఇన్ని నిమిషాలని ముందే చెప్పేస్తారు. మైకులో “ఇక రెండే నిమిషాలు” అనగానే తోలేవాళ్ళ కేకలు, జనం ఈలలు, దుమ్ము. టైము అయిపోయిన క్షణాన బండ ఎక్కడుంటే అక్కడ గుర్తు పెట్టి, టేపు పట్టి అడుగులూ అంగుళాలూ కొలుస్తారు. అంగుళాల దాకా కొలుస్తుంటే రెండు జతలు సరిసమానం కావడం అరుదు. అందరికీ ఒకటే టైము, ఎవరు ఎంత దూరం లాగారన్నదే లెక్క. అక్కడ తేలని తగవు ఏదీ మిగలదు. ఇంకొకటి కూడా ఉందబ్బోడా. అంత బరువు లాగిన ఎద్దు ఒంట్లో వేడి ఎంత పెరుగుతుందో దాని రొప్పు చూస్తే తెలుస్తుంది. నోరున్న మనిషి చాలనగలడు, అది అనలేదు. దాని తరఫున ఈల అంటుంది. అది సరైన పద్ధతే.

ఇక ఫుట్‌బాల్ సంగతి. టీవీలో చూసి మీరంతా ఒకే గాటన కట్టేస్తారు గానీ అక్కడ ఎక్కువ టైము రెండు రకాలు. మొదటిది, ప్రతి సగం చివర కలిపే నిమిషాలు. ఆటగాడికి దెబ్బ తగిలింది, ఆట ఆగింది. ఒకరు బయటికి పోయి ఇంకొకరు లోపలికి వచ్చారు. గోలు పడితే కుప్పగా పడి సంబరం చేసుకున్నారు. వీడియో చూసి తీర్పు చెప్పడానికి ఇంకాసేపు పట్టింది. గడియారం మాత్రం ఆగలేదు. పోయిన ఆ నిమిషాలన్నీ రెఫరీ మనసులో పద్దు రాసుకుని చివర్లో తిరిగి ఇస్తాడు. పక్కన బోర్డు మీద చూపించే అంకె కనీసం ఇంత అని. రెఫరీ దాన్ని పెంచవచ్చు, తగ్గించకూడదు. 2022 ఖతార్ ప్రపంచ కప్పులో ఈ పద్దు నిక్కచ్చిగా రాయాలని చెప్పారు. ఇంగ్లండ్, ఇరాన్ ఆటలో ఇరాన్ గోల్‌కీపరు తలకు దెబ్బ తగిలి చాలాసేపు ఆట ఆగింది. రెండు సగాలూ కలిపి ఆ రోజు దాదాపు 27 నిమిషాలు కలిపారు. జనం ఆశ్చర్యపోయారు గానీ, అది కొత్తగా పుట్టిన టైము కాదు. అంతకుముందు ఆటల్లో లెక్కకు రాకుండా పోతుండిన టైమే.

రెండో రకం వేరు. ఒకరు గెలిచి తీరాల్సిన ఆటలో 90 నిమిషాలకూ సమానంగా నిలిస్తే, ఇంకో 30 నిమిషాలు, పదిహేనూ పదిహేనుగా, ఆడిస్తారు. ఇది పోయింది తిరిగి ఇవ్వడం కాదు. తగవు తెగలేదు కాబట్టి కొత్తగా ఇచ్చే గడువు. దీనికి మన తెలుగువాళ్ళ ఆటే చెప్తా. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్, హైదరాబాద్ ఎఫ్‌సీకి కేరళ బ్లాస్టర్స్‌కి. కేరళ 68వ నిమిషంలో గోలు కొట్టింది. ఇక అయిపోయిందనుకుంటుంటే 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడింది. 1-1. ముప్పై నిమిషాలు ఎక్కువ ఆడినా తేలలేదు. చివరికి పెనాల్టీలు. మన గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపాడు, హైదరాబాద్ 3-1తో మొదటిసారి కప్పు గెలిచింది. ఆ ఎక్కువ ముప్పై నిమిషాల్లో ఎవరూ గోలు కొట్టలేకపోవడం వింత కాదు. ఆటగాడు 90 నిమిషాల్లో పది కిలోమీటర్ల పైన పరిగెత్తుతాడు. కండరంలో దాచుకున్న చక్కెర, దాన్నే గ్లైకోజెన్ అంటారు, అప్పటికి అడుగంటుతుంది. ఒళ్ళు కొవ్వును కరిగించుకోవాల్సి వస్తుంది. కొవ్వు నుంచి శక్తి వస్తుంది గానీ నిదానంగా వస్తుంది. అందుకే కాలు పట్టేయడం, పరుగు మందగించడం, బంతి గురి తప్పడం. ఎక్స్‌ట్రా టైముకు పోతే ఇంకొక ఆటగాణ్ణి మార్చుకోవచ్చని నియమం పెట్టింది కూడా అందుకే.

ఈ రెండింటినీ వేరుచేసి చూడటం నేర్చుకోండి. ఆటలో కంటే బతుకులో ఇది ఎక్కువ అవసరం. పదో తరగతి పరీక్షల్లో చూపు సరిగా లేని పాపకో, చెయ్యి ఆడని పిల్లవాడికో ఎక్కువ టైము ఇస్తారు. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. అంటే మూడు గంటల పరీక్షకు గంట. ఆ పాప బయటికి వచ్చేసరికి తోటి పిల్లలు “దానికి గంట ఎక్కువిచ్చారు, మాకూ ఇస్తే మేమూ రాసేవాళ్ళం” అని గొణుగుతారు. నేను విన్నాను, నాకు చాలా బాధేసింది. ఆ గంట మొదటి రకం టైము, తల్లీ. ప్రశ్న చదివి వినిపించేవాళ్ళు చదవాలి, పాప చెప్పింది సహాయకుడు వినాలి, రాయాలి, రాసింది మళ్ళీ చదివి చెప్పాలి. పరీక్ష ఆగిన నిమిషాలవి. వాటిని తిరిగి ఇస్తున్నారే తప్ప ఒక్క నిమిషం కూడా బహుమానం కాదు. మీ బళ్ళో అట్లాంటి పాప ఉండి ఎవరూ ఆమెకు ఈ సంగతి చెప్పకపోతే, మీరే పోయి హెడ్‌మాస్టరును అడగండి. అడగడానికి సిగ్గుపడకండి.

ఓటీ, అంటే ఓవర్‌టైము, కూడా అంతే అనుకుంటారు గానీ కాదు, అది రెండో రకం. ఫ్యాక్టరీలో షిఫ్టు దాటి పనిచేస్తే మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే పెట్టింది. అలసిన ఒంటితో చేసే గంట మామూలు గంటలాంటిది కాదని చట్టం కూడా ఒప్పుకుందన్నమాట. పెనాల్టీలకు ముందు ఆ ముప్పై నిమిషాలు ఆడినవాణ్ణి అడిగితే అవునంటాడు.

ఇప్పుడు అసలు ముచ్చటకు వద్దాం. పైనున్న సూర్యచంద్రులు కూడా ఇట్లాంటి పద్దు ఒకటి నడుపుతారు. దాని పేరు మీకు తెలుసు, అధికమాసం.

గోడ మీదున్న తెలుగు క్యాలెండరు తీసుకోండి. అమావాస్య నుంచి అమావాస్యకు లెక్కపెట్టండి. ఒకసారి 29, ఒకసారి 30 వస్తుంది. సగటున 29.53 రోజులు. పన్నెండు నెలలకు 354 రోజుల చిల్లర. సూర్యుడి ఏడాదికి 365 రోజుల చిల్లర. ఏటా దాదాపు 11 రోజులు తక్కువ పడుతుంది. మీ సొంత కళ్ళతో చూడాలంటే ఉగాది తేదీలు వరసగా రాయండి. 2024లో ఏప్రిల్ 9. 2025లో మార్చి 30. 2026లో మార్చి 19. ఏటా పది పదకొండు రోజులు వెనక్కి. ఇట్లాగే పోతే కొన్నేళ్ళకు ఉగాది సంక్రాంతికంటే ముందు వచ్చేస్తుంది, వేపపూత లేకుండా ఉగాది పచ్చడి చేసుకోవాలి. కానీ 2027లో చూడండి, ఏప్రిల్ 7. ఒక్కసారిగా పంతొమ్మిది రోజులు ముందుకు దూకింది. మధ్యలో ఏం జరిగింది? 2026 మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం చేరింది. పోయిన రోజులన్నీ కూడి ఒక నెలంత కాగానే తిరిగి ఇచ్చేశారు.

ఏ నెలను రెండుసార్లు లెక్కపెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? ఎవరూ కాదు, సూర్యుడే. నెలకోసారి ఆయన ఒక రాశి నుంచి ఇంకో రాశిలోకి పోతాడు. అదే సంక్రమణం. అమావాస్యకూ అమావాస్యకూ మధ్య ఒక సంక్రమణం ఉండాలి. లేకుంటే ఆ నెల అధికం. 2026లో వృషభ సంక్రమణం అమావాస్యకు కాస్త ముందే మే నెలలో అయిపోతుంది, మిథున సంక్రమణం జూన్ 15న తర్వాతి అమావాస్య దాటిన కొద్ది గంటలకు పడుతుంది. మధ్య నెల ఖాళీగా మిగిలింది. కొద్ది గంటల తేడాతో ఒక నెల అధికమైపోయింది చూశారా.

ఇందులో ఇంకొక చిత్రముంది. అధిక ఆషాఢం, అధిక శ్రావణం అని వింటారు గానీ అధిక పుష్యమని వినరు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి నిండు వలయం కాదు. జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఉండి వడిగా నడుస్తుంది, జూలైలో దూరంగా ఉండి నిదానంగా నడుస్తుంది. కాబట్టి మనకు సూర్యుడు ధనుస్సులో ముప్పై రోజులు కూడా ఉండడు, మిథునంలో 31 రోజులు దాటి ఉంటాడు. ఎండాకాలం, వానాకాలం రాశులు పొడుగు కాబట్టి సంక్రమణం లేని నెల అక్కడే దొరుకుతుంది. 2020లో ఆశ్వయుజం, 2023లో శ్రావణం, 2026లో జ్యేష్ఠం. మూడేళ్ళకోటి అంటారు గానీ సరిగ్గా లెక్కేస్తే 32, 33 నెలలకు ఒకటి, 19 ఏళ్ళలో ఏడు.

ఆ 19 మీద ఒక్క మాట. 19 సూర్య సంవత్సరాలకు 6939.60 రోజులు. 235 చాంద్రమాసాలకు 6939.69 రోజులు. పంతొమ్మిదేళ్ళకు తేడా రెండు గంటలే! 2005లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, పంతొమ్మిదేళ్ళ తర్వాత 2024లో మళ్ళీ ఏప్రిల్ 9నే. మీ అమ్మనడగండి, మీరు ఏ తిథిన పుట్టారో. మీకు 19 నిండిన రోజు క్యాలెండరు చూస్తే అదే తిథి, కాకుంటే దాని పక్క తిథి ఉంటుంది. అవ్వలు తిథి ప్రకారం చేసే పుట్టినరోజూ మీరు కేకు కోసే పుట్టినరోజూ ఆనాడు కలుస్తాయి.

ఈ ఎక్కువ నెల ఊరి మీద ఏం చేస్తుందో చూడండి. అధికమాసంలో పెళ్ళి ముహూర్తాలు పెట్టరు. జ్యేష్ఠం అధికమైతే మంచి పెళ్ళిళ్ళ కాలంలో కల్యాణమండపాలు, బ్యాండువాళ్ళు, వంటవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. 2020లో మహాలయ అమావాస్య మరుసటి రోజే రావాల్సిన నవరాత్రులు నెల ఆగి వచ్చాయి. తిరుమలలో అధికమాసం వచ్చిన ఏడాది బ్రహ్మోత్సవాలు రెండు, సాలకట్లవి, నవరాత్రివి. మన అహోబిలంలో కనుమ నాడు మొదలయ్యే పారువేట సూర్యుడి లెక్క, ఫాల్గుణంలో వచ్చే బ్రహ్మోత్సవం చంద్రుడి లెక్క. రెండింటి మధ్య ఎడం ఏటా ఒకటిగా ఎందుకుండదో మీకిప్పుడు తెలిసింది కదా.

రైతు మాత్రం ఈ చిక్కులో పడలేదు. నల్లరేగడిలో శనగ విత్తడానికి స్వాతి కార్తె చూసుకునే పెద్దాయన కార్తీకమా ఆశ్వయుజమా అని అడగడు. కార్తెలు సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న లెక్క కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలు. మృగశిర జూన్ 8కి అటూ ఇటూ, స్వాతి అక్టోబరు 24కి అటూ ఇటూ. వాన అంటే ఎండతో సంబంధమున్న వ్యవహారం, చంద్రుడితో కాదు. పైరుకు పనికొచ్చే కాలాన్ని ఒక లెక్కలో, పండుగలను ఇంకో లెక్కలో పెట్టి, రెండూ విడిపోకుండా అధికమాసంతో ముడివేసిన ఆ పాతకాలపు లెక్కగాళ్ళంటే నాకు చాలా గౌరవం.

అయితే చంద్రుడి లెక్కను సరిదిద్దకుండా అట్లాగే వదిలేసిన క్యాలెండరు కూడా మన ఊళ్ళోనే ఉంది. మన పల్లెల్లో మొహర్రం నెలలో వచ్చే పీర్ల పండుగ కులం మతం లేకుండా అందరూ చేస్తారు. గుండం తవ్వే రోజు ఒకసారి చలికాలంలో, ఒకసారి మండుటెండలో, ఒకసారి వానల్లో వస్తుంది. హిజ్రీ ఏడాదిలో పన్నెండు చాంద్రమాసాలే, అధికం కలపరు. అందుకే మొహర్రం, రంజాన్ ఏటా 11 రోజులు వెనక్కి జరుగుతూ 33 ఏళ్ళకు రుతువులన్నీ చుట్టి వస్తాయి. 2030లో రంజాన్ నెల రెండుసార్లు మొదలవుతుంది, జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర ఒకసారి. ఉపవాసం ఎప్పుడూ ఒకరి ఎండాకాలానికో, ఒకరి పొట్టి పగటికో అంటిపెట్టుకోకుండా భూమ్మీద అందరికీ వంతులవారీగా వస్తుంది. ఇదీ ఒక న్యాయమే.

గడియారంలో మన నంద్యాల, ఆళ్ళగడ్డలకు ప్రత్యేకంగా 16 నిమిషాల తేడా ఉంది. అది కూడా చెప్పేస్తా. భారత కాలమానం 82.5 డిగ్రీల రేఖాంశం మీద కట్టారు. ఆ గీత మన రాష్ట్రంలో తుని దగ్గర పోతుంది. నంద్యాల 78.5 డిగ్రీల దగ్గరుంది. తేడా నాలుగు డిగ్రీలు. భూమి డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. నాలుగు నాళ్ళు పదహారు. తుని నెత్తిమీదికి వచ్చిన సూర్యుడు మన నెత్తిమీదికి రావడానికి ఇంకో 16 నిమిషాలు పడుతుంది. బెజవాడకు కట్టిన పంచాంగం వాడితే అందులోని పొద్దుపొడుపు వేళకు దాదాపు 9 నిమిషాలు కలుపుకోవాలి.

1906 జనవరి 1న ఈ కాలమానం వచ్చేముందు రైళ్ళు మద్రాసు టైముతో నడిచేవి. మద్రాసు 80 డిగ్రీల పైచిలుకు, అంటే మనకంటే ఏడు నిమిషాలు ముందు. ఊరి వాళ్ళు పొద్దును చూసి స్టేషనుకు పోతే రైలు ఏడు నిమిషాలు ముందే వచ్చి ఉండేది! రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా, దేశమంతా గడియారాలు ఇంకో గంట ముందుకు తిప్పారు. ఆ మూడేళ్ళూ నంద్యాలలో మిట్టమధ్యాహ్నం ఒంటిగంటా పదహారుకు.

భూమి కూడా నిలకడగా తిరగదు. చంద్రుడి వల్ల సముద్రాలకు పోట్లు వస్తాయి, ఆ రాపిడికి భూమి తిరగడం అతి స్వల్పంగా మందగిస్తుంది. అణు గడియారానికీ భూమికీ తేడా వస్తే ఒక సెకను కలుపుతారు. 1972 నుంచి అట్లా 27 సార్లు కలిపారు. చివరిది 2017 జనవరి 1, మనకు పొద్దున అయిదున్నరకు. ఆ రోజు 5 గంటల 29 నిమిషాల 59 సెకన్ల తర్వాత 60వ సెకను కూడా వచ్చింది. కంప్యూటర్లకు ఇది తలనొప్పి అయి, 2035లోగా ఈ పద్ధతి ఆపాలని 2022లో తీర్మానించారు. తేడా మాత్రం ఆగదు, పేరుకుంటుంది. ఎప్పుడు, ఎట్లా తీర్చాలన్నది తర్వాతి తరం వాళ్ళు, అంటే మీరు, చూసుకోవాలి.

ఇదంతా నా నోటిమాట మీద నమ్మొద్దు. మిద్దె మీద ఎండ పడే చోట మూరెడు కర్ర నిట్టనిలువుగా నాటండి. తాడుకు రాయి కట్టి వేలాడదీసి చూస్తే నిలువుగా ఉందో లేదో తెలుస్తుంది. పదకొండున్నర నుంచి అయిదు నిమిషాలకోసారి నీడ కొస మీద సుద్దముక్కతో చుక్క పెట్టి, పక్కన టైము రాయండి. అన్నిటికంటే పొట్టి నీడ ఏ టైముకు పడిందో అదే మన మిట్టమధ్యాహ్నం. సగటున 12 గంటల 16 నిమిషాలు రావాలి. కానీ ఫిబ్రవరి రెండో వారంలో చూస్తే 12:30 వస్తుంది, నవంబరు మొదటి వారంలో చూస్తే సరిగ్గా 12 వస్తుంది. భూమి వడి మారడం ఒక కారణం, భూమి వంగి ఉండటం ఇంకొక కారణం. ఊళ్ళో మసీదు దగ్గర నమాజు వేళల పట్టీ ఉంటుంది, జొహర్, అంటే మధ్యాహ్నం నమాజు, మొదలయ్యే వేళ ఏడాది పొడవునా ఎట్లా జరుగుతుందో చూసి మీ అంకెలతో పోల్చుకోండి. మే మొదట్లో ఒకరోజు, ఆగస్టు 10 దరిదాపుల్లో ఒకరోజు మిట్టమధ్యాహ్నం కర్రకు నీడే ఉండదు, ఆ రోజులు కూడా మీరే పట్టుకోవాలి. చుక్కలు వాన పడి చెరిగిపోకముందే నోటుబుక్కులో ఎక్కించి పట్టుకురండి, ఏ నెలలో ఎన్ని నిమిషాలు తేడా వచ్చిందో కూర్చుని గీత గీద్దాం.